విశేషం ఏమీ లేదు

గుణుపురంలో బంగారం తాకట్టు ఆఫీసు షట్టరు ముందు
నా కుర్చీకి మూడు కాళ్లు,
నాలుగోదాని చోట ఇటుక.

ఏజెన్సీవాళ్లిచ్చింది ఒక విజిలు, ఒక లాఠీ,
భుజమ్మీద కుట్టిన సింహం.
చొక్కా డబ్బులు మూడు నెలలు జీతంలో కోసుకున్నారు.
సింహం ఉచితం.

రాత్రి రెండింటికి బీటు కానిస్టేబులు వస్తాడు.
ఒడియాలో సంతకం, తెలుగులో ఆవులింత,
నా అగ్గిపెట్టె అడిగి, జేబులో వేసుకుని ఎలిపోతాడు.
ఈ వీధిలో రోజూ జరిగే దొంగతనం అదొక్కటే.

మొన్న అమాస నాడు
వంశధార మీంచి మంచు లేచి వీధిదీపాల్ని మింగింది.
ఆ తెల్లదనంలోంచి ఒకడు,
తువ్వాల్లో చుట్టిన గడ్డపారతో.
నేను లేచాను. లేచినట్టు మోకాళ్లకే తెలిసింది.
విజిలు నోట్లో ఉంది, ఊదడానికి ఊపిరి లేదు.

టార్చి వేస్తే
ముఖం కంటే ముందు భుజం కనపడింది.
బ్యాడ్జీ ఊడబీకిన చోట
సూది కన్నాలు, సింహం ఆకారంలో.

"దండాసీ, నువ్వట్రా?
రైసుమిల్లు గేటు కాడ డూటీ చేసినోడివి కాదూ?"

గడ్డపార దించలేదు, ఎత్తనూ లేదు.
"అయిదు నెల్ల జీతం ఎగ్గొట్టారు మావా.
అమ్మ పుస్తెలు ఇందులో ఉన్నాయి.
రేపు వేలం."

"మా ఇంటిదాని నత్తూ ఇందులోనే ఉందిరా" అన్నాను.
ఆ మాట నేను అప్పటిదాకా
పైకి అనుకోలేదు.

ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చాను.
కుర్చీ వాడికి వదిలి నేను మెట్టు మీద కూర్చున్నాను.
ఏడుస్తాడనుకున్నా. నిద్రపోయాడు,
ఎన్నాళ్లనించి లేదో, గడ్డం గుండెల మీదికి వాలిపోయి.
గడ్డపార మా ఇద్దరి మధ్యా చల్లగా పడుంది.
కాపలా అంతా ఆ గంటన్నరే కాశాను నేను.

పర్లాకిమిడి బస్సు హారను విని ఉలిక్కిపడి లేచాడు.
పార భుజాన వేసుకుని
కూలికెళ్లేవాడిలాగే వెళ్లాడు.

ఆరింటికి రిజిస్టరు తెరిచాను.
తేదీ, టైము. ఆ కింద
"విశేషం ఏమీ లేదు".
ఒడియా అక్షరాల్లో నాకు రాయొచ్చిన ఒకే వాక్యం.
జరగనిదాన్ని రాసుకునే గడి
ఆ పుస్తకంలో ఎటూ లేదు.

ఏడింటికి సూపర్‌వైజరు బెహరా
లోపల కెమెరా చూసి బైటికొచ్చాడు.
మంచులో ఒకటే కనపడిందట:
మన యూనిఫాం, కుర్చీలో తలవాల్చి.

"నిద్రపోయావ్. యాభై కోత."

కునుకు పట్టిందండీ, అన్నాను.