కుడిపక్క ఆఖరి గీత

ఇరవై రెండేళ్ళు గ్యాంగ్‌సా పక్కన నిలబడ్డ చెవులు నావి.
చీమకుర్తి రాయిని పలకలుగా కోసే రంపం
ఇంటికొచ్చాక కూడా దిండు కింద తిరుగుతానే ఉంటుంది.
అట్టాంటోడికి
మంచి పాటల ప్లేయరు ఏదో తేల్చే పని పడింది.

ఒంగోలు కర్నూలు రోడ్డులో కొన్న సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు,
రెండు స్పీకర్లు, ఒకదానికి మూతి పగిలింది.
మా మాల్యాద్రి మామ క్లారినెట్టు క్యాసెట్టు,
తొంభై మూడులో దర్శిలో ఎవరిదో పెళ్ళి ఊరేగింపు,
ఖాజావలి ఫైలుగా మార్చి ఇచ్చాడు.
"ఒక్క గింజ కూడా రాలలేదన్నా,
ఇంక దీన్ని ఏ చేటలో చెరుగుతావో నీ ఇష్టం" అన్నాడు.

నాలుగు చేటలు దించుకున్నాను.

మొదటిదానికి తెర నిండా రంగులు.
పాట మొదలైతే చాలు, అడుగున గీతలు లేచి
వానకు కప్పల్లా ఎగురుతాయి.
మామ ఊదేది తక్కువ, అది ఆడేది ఎక్కువ.

రెండోది డోలు దెబ్బకు బలం పోసింది.
మంచం కోడు అదిరింది, గ్లాసులో నీళ్ళు అదిరాయి.
మామ పక్కన డోలు కొట్టిన చెంచయ్య
ఎముకల గూడు లాంటి మనిషి,
వాడికి జన్మలో అంత చేయి లేదు.

మూడోది దర్శి వీధిని తీసుకుపోయి
పెద్ద గుహలో పెట్టింది.
మా యార్డులో పగులున్న పలకకు జిగురు పోసి
నూనె పూసి ఎండలో నిలబెడతారే, అట్టాగ.
కొనేవాడికి నిగనిగ. నాకు తెలుసు యాడ పగిలిందో.
రాయి మంచిదా కాదా అని కంటితో తేల్చం మేము,
వేలి కణుపుతో కొట్టి వింటాం.
ఠంగుమంటే లారీ ఎక్కుద్ది,
బొద్దుమంటే గుట్టలోకి పోద్ది.

నాలుగోది బూడిదరంగు డబ్బా.
బొమ్మ లేదు, పువ్వు లేదు.
బలమూ గుహా తీపీ అన్నీ ఆపేసి
ఫైలులో ఉన్నది ఉన్నట్టు స్పీకరుకు అందిస్తానంది.
నొక్కాను.

ముందు మామ ఊపిరి.
పాట ఇంకా రాలేదు, ఊపిరే.
రీడు మీద పెదవి తడిపిన చప్పుడు.
తర్వాత పొదిలి బస్సు హారను,
"పెట్రోమాక్స్ ఎత్తరా" అని ఎవరిదో కేక,
ఆ వెనక స్వరం, కాస్త గరుగ్గా,
పైకి పోయేచోట కాస్త జారి, మళ్ళీ పట్టుకుని.
ఠంగుమంది.

"ఇదే" అన్నాను సుగుణమ్మతో.
ఆమె వంకాయలు తరగడం ఆపి
"ఆ గాజులెవరివి?" అంది.
ఏ గాజులు?
"అదిగో, క్లారినెట్టు ఆగినప్పుడల్లా.
చిన్నపిల్లవి, మట్టిగాజులు.
మామ పక్కనే నడస్తా ఉంది."

వెనక్కి జరిపాను. మళ్ళీ. మళ్ళీ.
పైస్థాయి మీట ఆఖరిదాకా ఎత్తాను.
ఆమె చెవులు మూసుకుంది,
"పళ్ళు జిల్లుమంటన్నాయి, ఆపు."
నేను మాత్రం బావి అడుగున కూర్చున్నట్టే ఉన్నాను.

ముప్పై ఏళ్ళుగా వింటున్న క్యాసెట్టు.
ఆ పాత టూ-ఇన్-వన్‌కు గాజులు అందలేదా,
అందినప్పుడు నేను పట్టించుకోలేదా,
రంపం తినేసిందా?
చెవుల్లో పెట్టుకోమని మేస్త్రీ ఇచ్చిన రబ్బరు బిరడాలు
బండి తాళాల గుత్తికి తగిలించి తిప్పినోణ్ణి.
ఒక్క గింజ కూడా రాలలేదన్నాడు ఖాజావలి.
వాడు చెప్పింది ఫైలు సంగతి.

సుగుణమ్మకు బూడిద డబ్బా ఉంచాను.
శబ్దం ఎంతుండాలో ఇకమీదట ఆమే పెడుతుంది.

మిగతావి తీసేస్తా తీసేస్తా
ఆ రంగులదాని దగ్గర చెయ్యి ఆగింది.
మామను అందులో వేసి, ఆమె పెట్టిన శబ్దంలోనే,
కప్పల్లా ఎగిరే గీతల్ని చూస్తా కూర్చున్నాను.
ఎడమపక్క లావుగా లేచేది చెంచయ్య.
నడిమధ్య వంకర్లు పోయేది మామ.
మామ ఊపిరి తీసుకునే సందులో
అన్నీ కిందకి కూలబడతాయి.
కుడిపక్క ఆఖరి గీత, వెంట్రుక మందం,
అదొక్కటే లేచి వణుకుద్ది.

సుగుణమ్మా, కత్తిపీట వదిలేసి ఒకసారి ఇట్టా రా.
ఇదేనా?