బైకుంఠ రావు జ్వరం

రోజు విడిచి రోజు వస్తుంది నా జ్వరం.
వచ్చిన రోజు మూడు దుప్పట్లు, పైన బొంత,
బొంత జారకుండా దమయంతి మోకాలు.
రాని రోజు
గుణుపురం బజారులో ఎవరి కంటైనా పడితే
నేను దొంగని.

ఏడున్నరకి పాఢిబాబు ఫోను.
'దేహ కెమితి అచ్చి?'
ఒడియాలో క్షేమం అడగాలంటే
ముందు దేహాన్నే అడుగుతారు.
ఎంత మంచి భాష అనుకుంటూ
దేహం సంగతి చెప్పబోతే
'మంగళవారం గ్రూపు రిజిస్టరు ఎక్కడ పెట్టావు?'

తొమ్మిదికి లొకేషన్ పెట్టమన్నాడు.
పెట్టాను.
మ్యాపులో మా మంచం వంశధారలో పడింది.
'జ్వరమన్నావు, ఏట్లో ఏం పని?'

పదకొండుకి థర్మామీటరు ఫొటో.
పక్కన ఈవేళ్టి పేపరుంచి మరీ తీయమన్నాడు.
ఎత్తుకుపోయిన పిల్లల్ని అలా తీస్తారని విన్నాను.
దమయంతి పేపరు కోసం స్టేషను దాకా పోయి వచ్చేసరికి
పాదరసం దిగిపోయింది.

ఫోను ఎత్తకపోతే మెమో.
ఎత్తితే, మాట్లాడగలుగుతున్నాడు కదా అని లెక్క.

సర్కారు ఆసుపత్రిలో సర్టిఫికెట్ రాయించాను.
తెలుగులో నా పేరుకి తలకట్టు చాలు,
ఒడియాలో అక్షరానికో గొడుగు.
అన్ని గొడుగులున్నా ఎలా తడిసిందో
నా 'వ' ఉబ్బి 'బ' అయింది.
భువనేశ్వర్ ఆఫీసు నుంచి మెయిలు:
సెలవు అడిగినది వైకుంఠరావు,
జ్వరం వచ్చినది బైకుంఠ రావు,
ఇద్దరూ ఒకరేనని రుజువు పంపగలరు.
కింద ఇంకొకటి:
మధ్యలో ఒకరోజు జ్వరం లేదని మీరే రాశారు,
ఆ రోజు డ్యూటీకి ఎందుకు రాలేదు?

దిద్దించుకుందామని మళ్లీ వెళ్తే
డాక్టరు బెహెరా సెలవులో ఉన్నాడు.
ఆయనకీ చలిజ్వరమేనట.
మరి ఆయనకి కాయితం ఎవరు రాస్తారంటే
కాంపౌండరు నవ్వలేదు.

ఆ రాత్రి నౌపడా రైలు కూసి వెళ్లిపోయాక
పళ్లు టకటకలాడుతుంటే
అంబరి సబర గుర్తొచ్చింది.

పోయినేడు, పుట్టాసింగి కొండ దారిలో,
అరుగు మీద గోనెసంచి కప్పుకుని ముడుచుకుంది.
రెండొందల నలభై బాకీ.
'జొరం బాబూ' అంది.
కాయితం చూపించు, అన్నాను నేను.
కాయితం లేక
నా చెయ్యి పట్టుకుని తన నుదుటి మీద పెట్టబోయింది.
లాక్కున్నాను.
డబ్బు పోగయ్యేదాకా మిగతా తొమ్మిదిమందినీ
వాన తెరిపిచ్చిన ఎండలో కూర్చోబెట్టి
ఫొటో తీసి పాఢిబాబుకి పంపాను.
రిమార్కుల గడిలో 'సాకు' అని రాసింది
వైకుంఠరావే.
అక్షరం తప్పు లేదు.

నాలుగు రోజుల జీతం కోత పడ్డాక
మంగళవారం డ్యూటీలో చేరాను.
బండి కొండ కింద ఆపి ఎక్కాను.
సగం దారిలోనే మోకాళ్లు నావి కాకుండా పోయాయి.
చాప మీద పదిమందీ ఉన్నారు.
అంబరి వాయిదా కట్టింది, బొటనవేలు ముద్ర వేసింది,
తలెత్తి నా మొహం చూసింది.
ఏమీ అడగలేదు.
సిరా ఆరని ఆ వేలితోనే
నా నుదురు నొక్కి చూసి
'ఇంకా ఉంది' అంది.
పక్కవాళ్లతో సవరలో ఏదో చెప్పింది. ఎవరో నవ్వారు.
ఆరేళ్లుగా ఈ కొండ ఎక్కుతున్నాను,
నాకు సవర రాదు.

కిందికొచ్చి బండి అద్దంలో చూసుకున్నాను.
నుదుటి మీద నీలంగా వేలిముద్ర,
ఒక అంచు చెమటకి కరుగుతూ.
తేదీ లేదు. హోదా లేదు.
ఎవరి పేరూ లేదు.

జేబులో ఫోను మోగుతోంది.
ఫొటో అడుగుతాడని తెలుసు.
తుడుచుకోకుండా,
పంపకుండా,
బండి తీశాను.