ఎంతదూరం పోతుందో

ఆ రాత్రి బస్సులో పదకొండు మంది.
కుట్టుమిషను ఒళ్ళో పెట్టుకున్న ఒకామె,
ఆటలో ఓడిన జట్టు కండువాలు నాలుగు,
చివరి సీట్లో నోరు తెరిచి నిద్రపోతున్న చేపల మార్కెట్ మనిషి.
మిగతావాళ్ళని లెక్కపెట్టానే గాని చూడలేదు.
టే నది వంతెన మీద, డండీ వైపు,
తడిసిన రోడ్డు, గంటకి నలభై మైళ్ళు.

అప్పుడు, ఆకుపచ్చగా.

ఇరవై రెండేళ్ళుగా నాకు పచ్చ లైటంటే పొమ్మని.
ఇది పొమ్మనలేదు, ఆగమనలేదు.
అద్దం మీద చుక్కగా వాలి
అద్దమంతా తానే అయింది.
కంటికి రెప్ప కాపలా అంటారు.
కాపలావాడు లేచేలోపే
దొంగ ఇంట్లో ఉన్నాడు.

కాలు దానంతటదే బ్రేకు వెతుక్కుంది.
రోడ్డుని గుర్తుపెట్టుకున్నవి చేతులు, కళ్ళు కాదు.
ఎవరో తిట్టారు.
కుట్టుమిషను కిందపడి సూది విరిగింది.
జరిగింది అంతే.

ఆ ‘అంతే’ని కోర్టులో గంటన్నర తూచారు.
స్ట్రూవన్ గెడిస్, పందొమ్మిదేళ్ళు.
కాలరు మెడకి వదులు, చొక్కా వాడిది కాదు.
అదే రాత్రి పోలీసు కారు మీద కూడా వేశాడట,
లేకపోతే దొరికేవాడే కాదు.
బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో లేజరు పెన్ను,
నా చిటికెనవేలంత.
పిల్లిని ఆడించడానికి కొన్నానన్నాడు, సంతలో, ఆరు పౌండ్లకి.
మరి బస్సు మీద ఎందుకు వేశావు?
“ఎంతదూరం పోతుందో చూద్దామని.”

ఎవరూ నవ్వలేదు.
నాకే ఎందుకో నవ్వు గొంతుదాకా వచ్చి ఆగింది.
ఆ వయసులో నేనూ ఇదే నదిలోకి రాళ్ళు విసిరాను,
ఎంతదూరం పోతాయో అని.
రాళ్ళు మునిగేవి.

అయిదేళ్ళ జైలుదాకా వెయ్యొచ్చని
చట్టంలోంచి ఒక వాక్యం చదివారు.
వెనక వరసలో ఒకావిడ
చేతిసంచి జిప్పు వేసింది, తీసింది, మళ్ళీ వేసింది.
జరగని చావులు పన్నెండు, నాతో కలిపి.
వాటికి ధర ఎవరు కడతారు?
విరిగిన సూది ఖరీదైతే
రసీదుతో సహా ఉంది.

ఇంకా ఇబ్బందిగా ఉందా అని నన్నడిగారు.
కన్ను బాగానే ఉందని డాక్టరు అప్పుడే రాసిచ్చాడు.
మూడు వారాలపాటు
ఎటు చూస్తే అటు ఒక మచ్చ నాకంటే ముందు వెళ్ళి కూర్చునేది,
టీ కప్పులో, మా చెల్లి ముఖం మీద,
చివరికి సమన్లలో వాడి పేరు మీద.
అవేవీ చెప్పలేదు.
“తగ్గిందండీ” అన్నాను.

రెండొందల గంటలు జీతంలేని పని.
పెన్ను జప్తు.
మిషనామెకి సూది డబ్బులు.

డిసెంబరు. ఇక్కడ నాలుగింటికే చీకటి.
ఆస్పత్రి స్టాపు దగ్గర నారింజరంగు జాకెట్లు మూడు
బస్ షెల్టర్ అద్దాల మీది రాతలు గీకుతున్నాయి.
మూడోది వాడే. జాకెట్టూ వదులే.
మలుపు తిరగ్గానే నా హెడ్‌లైట్లు
తిన్నగా వాడి ముఖం మీద పడ్డాయి.
చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.
బకెట్టు ఒలికింది.

ఎంతసేపలా ఉంచానో నాకు తెలీదు.
కోర్టులో అయితే లెక్క కట్టేవాళ్ళు.

తర్వాత డిప్పర్ వేసి
బస్సాపి తలుపు తెరిచాను.
ఎక్కడానికి ఎవరూ లేరు.