ట్రాలీ బేరం

కాటేదాన్‌ల వెల్డింగు షెడ్డు.
రవ్వల నడుమకెల్లి సత్తార్ బాయి అడిగిండు:
"ఏం మోస్తవక్కా?"

పెంట, కంకర, పచ్చిగడ్డి,
కాలిన బోరు మోటరు.
ఒకపారి ఈనలేక పడ్డ బర్రెను గూడ, దవాఖానకు.

గేటు వెడల్పు తాడు మీద ముడేసి తెచ్చిన.
నిగనిగలాడే నాలుగు చక్రాలది
ముడి దాటింది జానెడు.

మిగిలింది రెండు చక్రాలది.
పాత కమాన్లు, జాకీ లేదు.
అడుగు రేకు మీద సుత్తెతో కొట్టిండు:
"మోసేటప్పుడు అన్నీ మంచిగనే ఉంటయి.
సగం బతుకు ఖాళీగ తిరుగుతది,
ఆ చప్పుడు ఇని తీస్కో."

ఇన్న. పైసలిచ్చిన.

ఆరాంఘర్ దాటేదాక
ట్రాక్టరెనక గడగడ ఒకటే ముచ్చట.
మొయినాబాదు తొవ్వల
కొత్త డాంబరు కాడ చప్పుడాగింది.
పిన్ను ఊడిందేమోనని
దిగి సూసిన.

ఉన్నది.