తొట్టి దించిన రోజు

తాడిపత్రి షెడ్డులో క్రేనుకే మూడు వేలు అడిగినారని
మా వాకిట్లోనే విప్పుదామన్నాడు వన్నూరప్ప.
రాత్రే ప్రతి నట్టుకూ కిరసనాయిలు పట్టించినాడు,
ఎద్దు గిట్టకు పుండు పడితే మందు పెట్టినట్టు,
ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి తిట్టుకుంటా.

పొద్దున నాపబండల మీద బండి నిలబెట్టి
చక్రాలకు రాళ్లు అడ్డం వేసినాము.
వెనక తలుపు మీద పసుపు పెయింటుతో మా ఊరి పేరు:
యాడికి.
ధర్మవరం రోడ్డులో ఒక కొత్త పోలీసు
ఏ ఊరని అడిగి, యాడికి అంటే
నన్నే అడుగుతావా అని లాఠీ ఎత్తినాడు.
ఆ కథ చెప్పకుండా
వన్నూరప్ప ఏ పనీ మొదలుపెట్టడు.

లైట్ల వైర్లు ముందు పీకినాము.
డీజిలు పోసే గొట్టం మూతి చుట్టూ మూడు మరలు.
తర్వాత పెద్ద బోల్టులు.
ఒకటి తిరిగింది. ఒకటి మూలిగి తిరిగింది.
మూడోదానికి స్పానరు జారి
మాబుసా వేళ్ల మీద తోలు లేచిపోయింది.
నెత్తురు తుడుచుకోమని పాతగుడ్డ ఇస్తే
ముందు బోల్టు తుడిచినాడు.

ట్యాంకుకూ ఛాసీకీ నడుమ నట్టు కాడ
మగోళ్ల చేతులన్నీ ఇరుక్కుపోయినాయి.
ముగ్గురూ పండుకొని, ముగ్గురూ లేచి
గ్రీజు మొఖాలతో నా పక్క చూసినారు.
గాజులు తీసి కిటికీలో పెట్టి
గోనెపట్ట పరుచుకొని కిందికి దూరినాను.

అక్కడ నాకు తెలియని ఇంకొక బండి ఉంది.
పదకొండేండ్లు ముందు సీట్లో కూర్చున్నా గానీ
దీని కడుపు ఎప్పుడూ చూడలేదు.
చీనీకాయల రసం కారి కారి
ఇనుము, అడుగంటిన పాకం మాదిరి నల్లబడింది.
ఒక మూల శనక్కాయ పొట్టు.
ఒక సందులో జడపిన్ను, నాది కానిది.
రాత్రికి అడగాలనుకున్నాను.

కనపడని నట్టును వేళ్లతో చదవాల,
బియ్యంలో రాయి వెతికినట్టు.
పద్నాలుగు కాదు, పదిహేడు ఇయ్యండబ్బా.
కర్రుమని అది ఒప్పుకున్నప్పుడు
తుప్పు నా నోట్లో రాలింది.
పాత రూపాయిబిళ్ల రుచి.

ఎత్తడానికి ఎనిమిది మంది కావాల.
గని లేని ఆదివారమని ఆరుగురు వచ్చినారు.
ఏడో మనిషి మా జాహ్నవి, పదేండ్లది,
ఒక మూల తనే పడతానని మొండికేసింది.
వద్దంటే, నేను పుట్టింది దీంట్లోనే గదా అంది.
నిజమే. రాయలచెరువు కాడ రైలు గేటు పడి
చీనీకాయల మీద పరిచిన బొంతలో,
గూడ్సు బండి పెట్టెలన్నీ దాటేలోగా.
అందరూ దీన్ని తొట్టి అంటే
నాకు చీరె కట్టిన తొట్టే గుర్తొస్తుంది.
చెప్పను సిగ్గై ఊరుకుంటాను.

ఐలెస్స!
జానెడు లేచింది. లేచి,
మనసు మార్చుకున్నట్టు ఒక పక్కకు వాలి,
సుంకన్న కాలు వెంట్రుకవాసిలో తప్పించి
సిమెంటు ఇటుకల మీద కూలబడింది.
వీధి వీధంతా దుమ్ము.

మిగిలిన బండిని చూసి కోళ్లు కూడా ఆగినాయి.
తలకాయ, దాని వెనక రెండు ఎముకలు.
టవలు తీసేసిన వన్నూరప్ప మాదిరుందని
మాబుసా అంటే అందరూ నవ్వినారు, ఆయప్ప తప్ప.
ఆయప్ప పగులు వెతుకుతున్నాడు.
దొరికింది. నా చిటికెనవేలంత.
దాని పొడుగునా గోటితో గీసి
ఇంతదానికా, అన్నాడు.

వెల్డింగు చేద్దామంటే కరెంటు పోయింది.

సాయంత్రం టీ గ్లాసుతో క్యాబిన్‌లో కూర్చున్నాను.
వెనక అద్దంలో ఎప్పుడూ సరుకే కనపడేది:
కాయలు, బండలు, ఒకసారి ఎవరివో పెండ్లి బీరువాలు.
ఈ పొద్దు మా ఇల్లు కనపడింది.
సున్నం రాలినచోటు నేననుకున్నదాని కన్నా పెద్దది.
దించిన తొట్టిలో పిల్లోళ్లు ఎక్కి
యాడికి, యాడికి అని అరుస్తాంటే
జాహ్నవి చింతాకులు టికెట్లు కొడుతోంది.

పొద్దుగూకినాక బోల్టులు డబ్బాలో వేసినాను.
ఏడు.
బెజ్జాలు ఎనిమిది.
టార్చితో వాకిలంతా వెతికినాను, కాలవ దాకా.
చివరికి ఎనిమిదోదాంట్లో వేలు పెట్టి చూస్తే
అంచు దాకా కందిరీగ మట్టిగూడు,
ఎండి రాయైపోయినది.

వన్నూరప్పకు ఆ సంగతి చెప్పలేదు. పిన్ను సంగతీ అడగలేదు.
రేపు పదిహేడు నంబరుది
ఒకటి ఎక్కువ తెమ్మన్నాను.