చిమిడిపల్లి దాటాక

బయట వాన లేని రోజు కూడా
ఈ కొండ లోపల కురుస్తూనే ఉంటుంది.

కీమేన్ పాంగి సుక్రా
సుత్తితో పట్టాను తట్టి చెవి ఒగ్గుతాడు.
"పలికింది" అంటాడు. నాకేం వినపడదు.

వాళ్ల తాత ఇక్కడే రాతికి బెజ్జాలు వేశాడట,
రోజుకి రూపాయిన్నర.
అటు నుంచి తవ్వుకొస్తున్నవాళ్ల చప్పుడు
మొదట పట్టింది ఆయన చెవేనట.
సొరంగం నుదుటిమీద సంవత్సరం చెక్కి ఉంది.
పేరు లేదు.

కూత. గోడ గూటిలోకి ఒదిగాం,
ఒక్కడికే సరిపోయే గూడు.
ఇనుపరాయి బండి. యాభై ఎనిమిది పెట్టెలు.
ఎర్రదుమ్ము పళ్ల కింద కరకరలాడింది.
విశాఖ రేవుకి పోయే కొండ
కొండలోంచే పోతోంది.

దుమ్ము అణిగాక
సుక్రా మళ్లీ తట్టాడు.
ఈసారి నాకూ ఏదో పలికింది,
అటువైపు నుంచి.