కాకి ఎత్తుకెళ్ళిన ఆరో నంబరు

జాలారిపేట ఇసకలో గోనెపట్టా పరిచి
ఎండునెత్తళ్ళతో జట్టు కట్టేవాడు
గరికిన దేముడు మాష్టారు.
వెనక నాలుగు, నడుమ నాలుగు, ముందు రెండు.
గోల్‌కీపరు మాత్రం బతికున్న పీత.
"అడ్డంగా నడిచేవోడే ఆ గుమ్మానికి సరిపోతాడ్రా."

పదకొండుమందిమి, బూట్లు ఏడు జతలు.
ఒక పక్క గీత సముద్రం,
ఇంకో పక్క వలలారేసిన దండేలు.

పాఠం సగంలో ఉండగా
కాకి వాలేది.
ఎడమ అంచున ఎల్లాజీ దానికి ఆనడు,
గోలు ముందు నూకరాజు ఎంత మెరిసినా పట్టదు.
సరిగ్గా నడుం మీదే పొడిచి
ఆరో నంబరుని ఎత్తుకుపోయేది.
ఆరో నంబరంటే నేను.

మాష్టారు అదిలించేవాడు కాదు.
"సూశారేటి? కాకికి తెలిసింది మీకు తెల్దు.
నడుం ఇరిగితే సెయ్యేటి సేస్తాది, కాలేటి సేస్తాది?"

ఎనిమిదో నంబరు బడే సింహాద్రి
ఈ గోలు నుంచి ఆ గోలుకి,
హార్బరు నుంచి పూర్ణామార్కెట్‌కి ఐసు మోసే రిక్షా,
కరిగేలోపు చేరాలని ఒకటే పరుగు.
పదో నంబరు పోలిరాజువి
నీటిరంగు చూసి కవళ్ళగుంపు పసిగట్టే
వాళ్ళ తాత కళ్ళు.
తల ఎత్తడు, బంతి మాత్రం చేరాల్సిన కాలికే చేరుతుంది.

నాకు ఒక్కటే పని, ఉండటం.
వాళ్ళ పదో నంబరుకి దారి కనపడకుండా ఉండటం,
దొరికిన బంతి పోలిరాజుకిచ్చేసి
మళ్ళీ అక్కడే ఉండటం.
మా అత్త మ్యాచి చూసొచ్చి అంది:
"ఈడు కొట్టడు, ఆపడు,
రెంటికీ చెడ్డ రేవడి."

రైల్వే గ్రౌండులో ఫైనలు.
కంచరపాలెం కుర్రాళ్ళు నడుమ అయిదుగురు.
మా నలుగురి సందుల్లోంచి ఆ అయిదోవాడు
పాతపడవలోకి ఉప్పునీరు ఊరినట్టు
ఊరుతూనే ఉన్నాడు.
సగం ఆటయ్యాక మాష్టారు
మూడు వేళ్ళు చూపి, మళ్ళీ మూడే చూపాడు.
నాలుగు, మూడు, మూడు.
వెనకవాళ్ళకి ముందు ఇక నేనొక్కణ్ణే.

ఎనభైమూడో నిమిషం.
బంతి మెత్తగా వచ్చి కాళ్ళ దగ్గర ఆగింది.
ఎదర అంతా ఖాళీ. గ్యాలరీలో అత్త.
ఏం పుట్టిందో, కదిలిపోయాను.
కొట్టాను.
గోలుబారు మోగిన మోత ఇప్పటికీ
అర్ధరాత్రి ఓడకూతల్లో కలిసి వస్తుంది.

వెనక్కి తిరిగేసరికి
నేనుండాల్సిన చోట
బంగాళాఖాతమంత ఖాళీ.
అందులోంచి వాళ్ళ పదో నంబరు
తీరిగ్గా, పెళ్ళివారి నడకతో
వెళ్తున్నాడు.

మాష్టారు ఒక్కమాట అనలేదు.
మర్నాడు పట్టా మీద తొమ్మిది నెత్తళ్ళే పెట్టాడు.
కాకి వచ్చింది, చుట్టూ తిరిగింది,
ఏదీ ముట్టకుండా ఎగిరిపోయింది.

ఇరవై రెండేళ్ళు.
పెద్దవల లాగే పొద్దుల్లో
రెండు తాళ్ళకీ మధ్య, మెడలోతు నీళ్ళలో
నిలబడేది నేనే.
"ఎడం పక్క నిదానం!" అని అరుస్తాను.
చేప ఒడ్డున పడుతుంది, బేరం అక్కడే.
నేను వచ్చేసరికి ఇసకలో పొలుసులుంటాయి.

మొన్న మాష్టారి చిన్నదినం.
ఆకులో వంజరం పులుసు, పక్కన సారాచుక్క.
గంటయినా పిట్ట ముట్టలేదు.
"ఏ బాకీ ఉండిపోనాదో మా అయ్యకి" అని
కూతురు నరసాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

సింహాద్రి మోకాలు పట్టుకుని కూలబడ్డాడు.
ఎవర్నీ అడక్కుండా గోనెపట్టా పరిచాడు.
నాలుగు. మూడు. మూడు.
పీత దొరకలేదు, గవ్వ పెట్టాడు.

దండెం మీంచి దిగింది కాకి.
అంచులు చూడలేదు, మెరిసేవాటి వైపు పోలేదు.
నూకరాజు బట్టతల వంచుకున్నాడు.
పోలిరాజు మాత్రం ముందే తెలిసినట్టు
సముద్రం వైపు చూస్తున్నాడు.

ఆరో నంబరు దాని ముక్కున ఉంది.

ఎవరూ చెప్పలేదు.
రెండడుగులు పక్కకి జరిగి
పట్టా నడుమ
ఆ ఖాళీలో నిలబడ్డాను.